నీళ్ళు పడ్డ నిమిషం నుంచీ

బి.కొత్తకోట నుంచి కాంక్రీటుకు ఫోన్ చేసేవాళ్ళు మొదట అడిగేది రేటు. ఆ తర్వాత ‘ఎం25 అంటే గట్టిదే కదా సార్’ అని ఒక నిర్ధారణ. ఆపైన పంపు బాడుగ ఎవరు కట్టాలన్న బేరం. ప్లాంటు నుంచి బండి ఎంతసేపట్లో వస్తుందని అడిగేవాళ్ళు తక్కువ. అడిగినా, కూలీలకు టిఫిను ఎన్ని గంటలకు చెప్పాలో తేల్చుకోవడానికే. మదనపల్లె పక్కన బ్యాచింగ్ ప్లాంటులో క్వాలిటీ చూసే నాకు మాత్రం సగం ఉద్యోగం ఆ ప్రశ్నలోనే ఉంది.

మాది బీరంగి కొత్తకోటే. చిన్నప్పుడు ఊళ్ళో నేను చూసిన మోల్డింగులన్నీ మిల్లరుతో వేసినవి. ఇంటిముందు కంకర కుప్ప, ఇసుక కుప్ప, పొగ చిమ్మే డీజిల్ మిల్లరు, నిచ్చెన పొడవునా కూలీలు, చేతులు మారుతూ పైకి పోయే బాండ్లీలు. కొలత మేస్త్రీ కంటి అంచనా, నీళ్ళు ఆయన ఇష్టం. కానీ కలిపిన మాలు ఐదు నిమిషాల్లో సెంట్రింగు మీద పడేది. రెడీమిక్స్ వచ్చాక కొలత బాగుపడింది. సిమెంటు, కంకర, ఎం-శాండ్, నీళ్ళు, కెమికల్ అన్నీ కంప్యూటరు తూకం వేసి వదులుతుంది. అయితే మిల్లరు రోజుల్లో లేని ఒక లెక్క కొత్తగా వచ్చి పడింది. అదే దూరం.

మదనపల్లె నుంచి కొత్తకోటకు అటూ ఇటూగా 30 కిలోమీటర్లు. కారులో పోయేవాడికి అదేమంత లెక్క కాదు. ఆరు ఘనపు మీటర్ల కాంక్రీటు ఎత్తుకున్న ట్రాన్సిట్ మిక్సరు పాతిక టన్నుల బరువు ఉంటుంది. పైగా ఆ బరువంతా ఎత్తులో ఉండి తిరుగుతూ ఉంటుంది. మలుపులో తొందరపడితే బండి పక్కకు ఒరిగిపోతుంది. అందుకే ఈ దారికి నేను గంట వేసుకుంటాను. గంటకు 30 ఘనపు మీటర్లు కలిపే ప్లాంటులో ఒక బండి నింపడానికి 12 నిమిషాలు. అక్కడికి పోయాక పంపులోకి దించడానికి పాతిక నిమిషాలు. మొత్తం 97. భారతీయ ప్రమాణం ఐఎస్ 4926, అంటే 2003లో సవరించిన రెడీమిక్స్ నియమావళి, నింపిన సమయం నుంచి పూర్తిగా దించేదాకా మామూలుగా ఇచ్చే గడువు రెండు గంటలు. ఇక నా చేతిలో మిగిలేది 23 నిమిషాలు. టమాటా సీజన్లో నీరుగట్టువారిపల్లె మార్కెట్టుకు, అంగళ్లు మార్కెట్టుకు వచ్చే బండ్లు రోడ్డెక్కిన పొద్దున ఆ 23 నిమిషాలు కొత్తకోట పొలిమేర చేరకముందే ఖర్చయిపోతాయి.

అమెరికా వాళ్ళ ప్రమాణంలో గడువు చాలాకాలం ఇంకా బిగువుగా ఉండేది: 90 నిమిషాలే. కొనేవాడు ఒప్పుకుంటే సడలించుకునే వీలుండేది. తొంభై నిమిషాలంటే సరిగ్గా మన రాహుకాలం పొడవు. ఈ పోలిక నేను తమాషాకు చెప్పడం లేదు. సోమవారం ఏడు గంటలకే బండి వీధి చివరకు వచ్చి నిలబడి ఉంటుంది. సామాను సర్దుకునేలోపు ఏడున్నర అవుతుంది. ‘తొమ్మిది దాకా రాహుకాలం, ఇప్పుడు మొదలుపెడితే ఎట్లప్పా’ అని ఇంటి పెద్దాయన అరుగు మీద కూర్చుంటాడు. ఆయన నమ్మకాన్ని నేను తప్పు పట్టను. ముందురోజు ఒక మాట చెబితే తొమ్మిదింటికే బండి చేరేలా పంపేవాణ్ణి. టెంకాయ కొట్టడానికి ఎదురుచూసేది మనుషులైతే పరవాలేదు. డ్రమ్ములో సిమెంటు ఎదురుచూడదు.

డ్రమ్ములో జరిగేదేమిటో కాస్త చెప్పాలి. చాలామంది ‘సిమెంటు అరగంటలో సెట్ అవుతుందంట కదా, మీరు రెండు గంటలు ఎట్ల తెస్తారు’ అని అనుమానపడతారు. అరగంట అన్నది సిమెంటు ముద్దకు ల్యాబులో పెట్టిన కనీస హద్దు. అంతకంటే ముందు బిగుసుకునే సిమెంటును అమ్మకూడదని దాని అర్థం. నిజానికి నీళ్ళు తగలగానే మొదటి కొన్ని నిమిషాలు సిమెంటులో హడావుడిగా ఒక చర్య జరుగుతుంది. సిమెంటు కంపెనీ కలిపే జిప్సం దాన్ని అదుపులో పెడుతుంది. ఆ తర్వాత గంట, రెండు గంటలు సిమెంటు దాదాపు స్తబ్ధుగా ఉంటుంది. రెడీమిక్స్ వ్యాపారమంతా ఆ విరామం మీదే నడుస్తోంది. కెమికల్ ఆ విరామాన్ని ఇంకొంత సాగదీస్తుంది. అయినా ఈ లోపల కాంక్రీటు అలాగే ఉండిపోదు. ఎండకు ఆరిన కంకర, దుమ్ము ఎక్కువున్న ఎం-శాండ్ లోలోపల నీళ్ళు పీల్చుకుంటాయి. కొంత ఆవిరైపోతుంది. డ్రమ్ము తిరిగేకొద్దీ రాపిడికి వేడి పుడుతుంది. ప్లాంటు గేటు దగ్గర 160 మిల్లీమీటర్ల స్లంప్ (మాలు ఎంత జారుడుగా ఉందో చెప్పే కొలత) ఉన్న మాలు కొత్తకోట చేరేసరికి 110కి దిగితే అది తప్పు కాదు, సహజం. ఆ తరుగుదల ముందే లెక్కేసి పంపడమే మా పని.

ఈ వ్యాపారం పుట్టుకలోనే కాలంతో పోరాటం ఉంది. 1903లో హాంబర్గులో యుర్గెన్ మాగెన్స్ అనే జర్మన్ కాంక్రీటును కలిపి బండిలో పంపే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. కలిపిన మాలును చల్లబరిస్తే, దారిలో కదిలిస్తూ ఉంటే ఎక్కువసేపు పనికొస్తుందన్నదే ఆయన పట్టుకున్న కిటుకు.

ఇక్కడే నా అసలు మాట చెప్పాలి. కొంతమంది ఇంజినీర్లు సయితం ఒప్పుకోరు గానీ, ఆలస్యం ఒక్కటే కాంక్రీటును చెడగొట్టదు. నీళ్ళు కలపకుండా ఎక్కువసేపు తిరిగిన కాంక్రీటును ఇంకా దించగలిగి, వైబ్రేటరు పెట్టి బాగా కుదించగలిగితే దాని బలం తగ్గదు. ఒక్కోసారి కొంచెం పెరుగుతుంది కూడా, ఎందుకంటే లోపల మిగిలిన నీళ్ళు తగ్గాయి. కాంక్రీటును చెడగొట్టేది ఆలస్యాన్ని కప్పిపుచ్చడానికి పోసే నీళ్ళు.

ఆ ఘట్టం ఎలా నడుస్తుందో ప్రతి సైటులోనూ చూస్తాను. బండి వచ్చి చ్యూట్ తిప్పుతుంది. మాలు నత్తనడకన జారుతుంది. పంపు ఆపరేటరు హాపర్లో కర్ర పెట్టి కదిపి మొహం చిట్లిస్తాడు. పైనుంచి మేస్త్రీ కేక: ‘ఏందన్నా, ఇంత గట్టిగా ఉండాది? రొన్ని నీళ్ళు పొయ్యి!’ డ్రైవరు నావైపు చూస్తాడు. నేను లేకపోతే ఓనరువైపు చూస్తాడు. ఓనరు ‘పోస్తే ఏమవుతాదిలే, నీళ్ళే కదా’ అంటాడు. డ్రైవరు బండి ట్యాంకు పైపు తీసి డ్రమ్ము నోట్లో పెడతాడు. దానికి మీటరున్నా ఎవరూ చూడరు. మాలు జారుడుగా వచ్చేదాకా పోస్తారు. అందరి మొహాలూ తేటపడతాయి.

ఆ పైపులోంచి 100 లీటర్లు పోయాయనుకుందాం. ఆరు ఘనపు మీటర్లకు పంచితే మీటరుకు సుమారు 17 లీటర్లు. మేము ఘనపు మీటరుకు 320 కిలోల సిమెంటు, 150 లీటర్ల నీళ్ళు వేసి పంపితే నీళ్ళకూ సిమెంటుకూ నిష్పత్తి 0.47. ఇప్పుడది 0.52 అయింది. మధ్యరకం వాతావరణానికి, ఎం25కు మన కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ఒప్పుకునే గరిష్ఠం 0.50. ఘనపు మీటరుకు ఐదు లీటర్లు పెరిగితే స్లంప్ పాతిక మిల్లీమీటర్లు పెరుగుతుంది, బలం ఒకటి, ఒకటిన్నర మెగాపాస్కల్ తగ్గుతుందని మా వృత్తిలో మోటు లెక్క. ఈ లెక్కన 17 లీటర్లకు మూడు నుంచి ఐదు దాకా పోతుంది. ఎం25 కోసం మేము డిజైన్ చేసేది 25 మెగాపాస్కల్‌కు కాదు, 31.6కు. హెచ్చుతగ్గుల కోసం ఉంచుకున్న ఆ ఆరున్నరలో ముప్పాతిక వంతు దాకా ఒక్క పైపు మింగేయొచ్చు. ఆ తర్వాత క్యూరింగులో రెండు రోజులు అశ్రద్ధ చేస్తే, వైబ్రేటరు సరిగా పెట్టకపోతే, తట్టుకోవడానికి ఏమీ మిగలదు.

ఇల్లు కూలిపోతుందని నేను బెదిరించను. కూలదు. పదేళ్ళ తర్వాత వానాకాలంలో సీలింగు మీద చెమ్మ మచ్చలు లేస్తాయి. ఇంకొన్నేళ్ళకు కమ్మి తుప్పు పట్టి కాంక్రీటు పెచ్చులూడుతుంది. ఎక్కువైన నీళ్ళు ఆవిరైపోయి వదిలిన సందుల్లోంచే చెమ్మ లోపలికి దిగుతుంది. అప్పుడు సిమెంటు కంపెనీని తిడతారు. పైపు పట్టుకున్న పొద్దు ఎవరికీ గుర్తుండదు.

ఇందులో ఇంకో లోగుట్టు ఉంది. క్యూబులు. బండి రాగానే 150 మిల్లీమీటర్ల ఇనుప అచ్చుల్లో మాలు నింపి పక్కన పెడతారు. 28 రోజుల తర్వాత వాటిని మిషన్లో నొక్కి బలం చూస్తారు. ఆ క్యూబులు నింపేది ఎప్పుడు? నీళ్ళు పోయకముందు. మోల్డింగు వేసేది నీళ్ళు పోశాక. నెల తర్వాత రిపోర్టు 32 అని వస్తుంది, ఫైలులో చేరుతుంది. అది మీ ఇంటి పైకప్పు రిపోర్టు కాదు, ఆ క్యూబు రిపోర్టు. అందుకే నా మనుషులకు ఒకే మాట చెబుతాను: పైపు ముట్టుకుంటే క్యూబులు మళ్ళీ నింపాల్సిందే, రిపోర్టు కాగితం మీద ఎన్ని లీటర్లు పోశారో రాయాల్సిందే.

మాలు గట్టిగా ఉందో లేదో తేల్చడానికి కేకలు అక్కర్లేదు. ఒక ఇనుప కోను ఉంది. ఎత్తు 300 మిల్లీమీటర్లు, అడుగున 200 వెడల్పు, పైన 100. చదునైన పలక మీద పెట్టి కాళ్ళతో తొక్కిపట్టాలి. ముందుగా డ్రమ్మును వేగంగా ఒకటి రెండు నిమిషాలు తిప్పించాలి, ఎందుకంటే దారి పొడవునా మెల్లగా తిరిగిన డ్రమ్ములో కంకర ఒకవైపు, పాకం ఒకవైపు చేరి ఉంటాయి. మొదట జారే కాస్త మాలును వదిలేయాలి. తర్వాత వచ్చేదాన్ని పొరలు పొరలుగా కోనులో వేసి, ఒక్కో పొరను పొడవాటి కడ్డీతో పాతికసార్లు పొడవాలి. పైభాగం చదును చేసి, కోనును నిలువుగా, కుదుపు లేకుండా ఎత్తాలి. లోపలి ముద్ద కూర్చుంటుంది. ఎంత కూర్చుందో కొలిస్తే అదే స్లంప్. పక్కకు జారి విరిగితే ఆ కొలత లెక్కలోకి రాదు, మళ్ళీ చేయాలి. పంపుకు 100 నుంచి 150 మధ్య ఉంటే చాలు. మేస్త్రీ ‘రాయిలా ఉండాది’ అన్న మాలు కోను ఎత్తితే 110 చూపించిన సందర్భాలు కొల్లలు. మిల్లరు రోజుల్లో పులుసులా జారే మాలుకు అలవాటుపడ్డ చెయ్యి ఆయనది. ఆయనకు పంపు చేసే పని కంటే సర్దేటప్పుడు తన పార పడే పనే ముఖ్యం. అది కూడా అన్యాయమేమీ కాదు, ఎండలో ఆ పార పట్టేది ఆయనే కదా.

నిజంగానే స్లంప్ 70కో 60కో పడిపోయి, ఇంకా రెండు గంటలు దాటకపోతే, దానికి మందు నీళ్ళు కాదు, కెమికల్. ప్లాంటులో వాడిన సూపర్ ప్లాస్టిసైజరే కొద్ది మోతాదులో పోసి డ్రమ్మును మరో ముప్పై చుట్లు గట్టిగా తిప్పితే మాలు మళ్ళీ కదులుతుంది, నిష్పత్తి మారదు. దూరపు సైటుకు పోయే బండితో ఒక క్యాను, కొలపాత్ర, తెలిసిన మనిషి ఉండాలి. ‘సైటులో కెమికల్ పోస్తున్నారంటే ఏదో మోసం’ అని ఓనర్లు అడ్డుపడతారు. నీళ్ళు పోస్తుంటే మాత్రం ఊరుకుంటారు. కెమికల్లోనూ తేడాలున్నాయి. పాత నాఫ్తలీన్ రకం మాలును వెంటనే జారుడుగా చేస్తుంది, కానీ త్వరగా వదిలేస్తుంది. పాలికార్బాక్సిలేట్ రకం దూరపు దారికి తట్టుకుంటుంది, ఖరీదు ఎక్కువ. పక్క వీధికి పంపే మిక్సునే కొత్తకోటకూ పంపి, రేటు మాత్రం దూరానికి పెంచే ప్లాంటు ఏదైనా ఉంటే దానికి దూరంగా ఉండమనే చెబుతాను.

బండి దారిలో చెడిపోతే డ్రైవర్లు చేసే చివరి ప్రయత్నం చక్కెర. ఇది కట్టుకథ కాదు. సిమెంటు బరువులో నూటికి 0.05 వంతు చక్కెర కలిస్తే సెట్టింగు సుమారు నాలుగు గంటలు వెనక్కి పోతుందని కాంక్రీటు శాస్త్రంలో స్థిరపడిన విషయం. ఆరు మీటర్ల బండిలో 1,920 కిలోల సిమెంటుకు అది ఒక కిలో కూడా కాదు. రోడ్డు పక్క చిల్లరంగట్లో దొరికే ఒక ప్యాకెట్టు. చిత్తూరు సీమలో బెల్లానికి కొదవ లేదు గనుక అదీ వాడతారు. కానీ చక్కెర వేసేది డ్రమ్మును కాపాడుకోవడానికే. లోపల గడ్డకట్టిందంటే మనిషి దూరి డ్రిల్లుతో పగలగొట్టాలి. చక్కెర పడ్డ మాలు ఎవరి పైకప్పు మీదికీ పోకూడదు, మోతాదు పెరిగితే అది బిగుసుకోనే బిగుసుకోదు.

ఎండాకాలం మాకు వేరే కష్టం. ఈ ప్రాంతం ఎత్తులో ఉండడం వల్ల కడప అంత మంట ఉండదు, కానీ గాలి పొడిగా ఉంటుంది. ఆ పొడిగాలి క్షయ రోగుల ఊపిరితిత్తులకు మంచిదనే వందేళ్ళ కిందట మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియం పెట్టారు. ఊపిరితిత్తులకు మేలుచేసిన గాలే పచ్చి మోల్డింగు పైపొరను గంటలో ఆరబెట్టి పగుళ్ళు తెప్పిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కంకర మీద తెల్లవారుజామున నీళ్ళు చల్లిస్తాను. నీళ్ళ ట్యాంకుకు నీడ కట్టిస్తాను. కిలోకు కిలో లెక్కన కంకర కంటే నీళ్ళు దాదాపు ఐదింతల వేడిని మోస్తాయి, కాబట్టి నీళ్ళు చల్లగా ఉంటే మాలు చల్లబడుతుంది. మొదటి బండి ఆరింటికి గేటు దాటాలని పట్టుబడతాను. పదకొండు తర్వాత కొత్తకోటకు బండి పంపమంటే నాకు మనసొప్పదు.

హార్స్లీ హిల్స్ మీద పని అయితే లెక్క తారుమారు. పైన చల్లగా ఉంటుంది, అది మాకు లాభం. కాండ్లమడుగు నుంచి ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం నిండు డ్రమ్ము పనికిరాదు, వెనక నోట్లోంచి మాలు రోడ్డు మీద కారుతుంది. నాలుగు, నాలుగున్నర మీటర్లే ఎక్కిస్తాం. ఒక్కో బండిలో తక్కువ మాలు అంటే ఎక్కువ బండ్లు, బండికీ బండికీ మధ్య ఎక్కువ ఖాళీ.

ఆ ఖాళీ గురించి ఎవరూ ఆలోచించరు. 1,500 చదరపు అడుగుల మోల్డింగుకు దూలాలతో కలిపి నాలుగు బండ్లు పడతాయి. రెండో బండి అంగళ్లులో ఇరుక్కుంటే మొదటి బండి మాలు అంచు పైన ఆరిపోతూ ఉంటుంది. దాని మీద కొత్త మాలు పోస్తే రెండూ పక్కపక్కన ఉంటాయే గానీ ఒకటి కావు. ఆ గీత వెంబడే తర్వాత వాన నీళ్ళు దిగుతాయి. అంచు ఇంకా బతికే ఉందో లేదో చూడటం తేలిక: వైబ్రేటరు సూదిని నిలబెడితే తన బరువుతో తానే దిగాలి, తీస్తే గుంత పూడిపోవాలి. దిగకపోతే పని ఆపి జాయింటు చేయడమే పద్ధతి. ఓనరుకు అది నచ్చదు, అయినా ఒప్పించాలి. నేను సైటు చూసి బండ్లు పంపే క్రమం రాసుకునేది ఇందుకే. నలుగురు డ్రైవర్లూ ఒకేసారి పోయి వీధిలో వరసగా నిలబడటం ఎంత తప్పో, గంటకొకరు పోవడమూ అంతే తప్పు.

డ్రైవర్ల విషయంలో ఇంకొకటి. సైటు నుంచి బయల్దేరేముందు డ్రమ్ములో నీళ్ళు పోసి కడుక్కుంటారు. ఆ నీళ్ళు పారబోసే చోటు లేక లోపలే ఉంచుకుని వస్తారు. ప్లాంటులో డ్రమ్మును వెనక్కి తిప్పి ఖాళీ చేయకుండా కొత్త మాలు నింపితే కంప్యూటరు వేసిన తూకమంతా వ్యర్థం. నింపేముందు ప్రతి బండినీ తిరగేసి చూపించాలన్నది మా గేటు దగ్గర నియమం. పొద్దున హడావుడిలో ఈ నియమం మీదే నాకూ డ్రైవర్లకూ ఎక్కువ గొడవలు.

రోడ్డు మీద పోయే సమయం నా చేతిలో కొంత ఉంది, టమాటా బండ్ల చేతిలో కొంత ఉంది. కానీ నేను చూసినంతలో ఎక్కువ సమయం పోయేది సైటులోనే. సెంట్రింగు కింద రెండు పోట్లు తక్కువని అప్పుడు గుర్తొస్తుంది. కరెంటు పైపులు వేసే కుర్రవాడు బండి వచ్చాక దిగుతాడు. పంపు నిలబెట్టే చోట ఎదురింటివాళ్ళ ట్రాక్టరు ఉంటుంది.

కాబట్టి మోల్డింగు వేయించుకునేవాళ్ళకు నా మనవి ఇది. కమ్మి కట్టడం, కరెంటు పైపులు, సెంట్రింగు తనిఖీ ముందురోజు సాయంత్రానికే ముగించండి. రాహుకాలం చూసుకునేవాళ్ళు ఆ టైము మాకు ముందే చెప్పండి. పంపు నిలబడి లైను బిగించాకే మొదటి బండి వదలమని ఫోన్ చేయండి. బండి రాగానే చలానాలో నింపిన టైము చూడండి, రెండు గంటలు దాటి ఉంటే మా క్వాలిటీ మనిషి ఒప్పుకోకుండా దించుకోకండి. మాలు గట్టిగా ఉందనిపిస్తే స్లంప్ కోను పెట్టించండి. డ్రైవరు పైపు పట్టుకుంటే ‘వద్దు నాయనా, ప్లాంటుకు ఫోన్ చెయ్యి’ అనండి. బండి వెనక్కి పంపే హక్కు మీకు ఉంది, దాని నష్టం భరించాల్సింది మేమే.